చిన్న చీకటి కథ విన్నాక ఏం చెప్పాలి?



ముందుగా ఒక చిన్న కథ వినండి. ఈ ప్రసంగం కోసమే అల్లిన కథ. ఇందులో ఒక లోపం కావాలనే ఉంచాను. ఎక్కడుందో వింటూ పట్టుకోండి.

భూపాలపల్లిలో ఒక బొగ్గుబాయి. మూడో షిఫ్టు. లాంప్ రూమ్‌లో డ్యూటీ మీదున్న మనిషి నలభై టోకెన్లు తీసుకుని నలభై లైట్లు ఇచ్చాడు. తెల్లారింది. బాయి మీదికొచ్చినవాళ్లు ఒక్కొక్కరే కిటికీలోంచి లైటు అందించి, టోకెన్ తీసుకుని పోయారు. టోకెన్లు అయిపోయాయి. లైట్లు లెక్కపెట్టాడు. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై ఒకటే. చివరి లైటు ఇంకా వెలుగుతోంది. ఆర్పితే ఆరడం లేదు. కిటికీ అవతలి నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. "నా టోకెన్?" అంది ఒక గొంతు. అది ఆర్నెల్ల కింద రూఫ్ కూలి చనిపోయిన కార్మికుడి ఆత్మ. ఆ భయంకరమైన దృశ్యం చూసి అతను గజగజ వణికిపోయాడు.

అంతే కథ. చదవడానికి నిమిషం పట్టింది. దీన్ని ఇంటర్ చదివే ఒక అబ్బాయి రాశాడనుకోండి. జనగామలోనో, మానుకోటలోనో, గణపురంలోనో ఉంటాడు. నోట్‌బుక్‌లో రాసుకుని, ఎవరూ లేని సమయం చూసి, మీ చేతిలో పెట్టాడు. "ఎట్లుందన్నా?" అన్నాడు. మీరేం చెబుతారు?

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ జవాబు గురించి. జనగామ, మానుకోట, భూపాలపల్లి, మన ఈ మూడు జిల్లాల్లో ఇప్పుడు పేజీకి మించని కథలు రాసే పిల్లలు చాలామంది ఉన్నారు. దయ్యాలు, శాపాలు, మరో లోకపు జీవులు, మనిషిని మింగే యంత్రాలు, నీళ్లు లేని భవిష్యత్తు, ఇవే వాళ్లకు ఇష్టమైన వస్తువులు. రాసినవాళ్లకు దొరికే జవాబులు మాత్రం రెండే రెండు. స్నేహితులైతే "సూపర్ ఉందిరా" అంటారు. పెద్దవాళ్లైతే "ఈ దయ్యాల కథలెందుకు, పనికొచ్చేది రాయి" అంటారు. మెచ్చుకోలైనా మందలింపైనా, కథలో ఏ వాక్యం పని చేసిందో, ఏది చెయ్యలేదో ఆ పిల్లవాడికి తెలియకుండానే పోతుంది. వాడు ఇంటికి పోయి నోట్‌బుక్ మూసేస్తాడు. అది నాకు బాధ కలిగించే విషయం.

లాంప్ రూమ్ కథకు నేను చెప్పే జవాబు ఇట్లా ఉంటుంది. "తమ్ముడూ, టోకెన్లు అయిపోయినయి అన్నప్పుడు నాకేమీ అనిపించలే. నలభై ఒకటి అన్నప్పుడు వీపు చల్లబడ్డది. రెండోసారి లెక్కపెట్టినప్పుడు ముందుకు వంగి విన్న. 'నా టోకెన్' అన్నకాడ ఊపిరి ఆగింది. ఆ తర్వాత అది ఆత్మ అని నువ్వే చెప్పినవు. అక్కడ నా భయం పోయింది."

ఇందులో పొగడ్త లేదు, తిట్టు లేదు, సలహా కూడా లేదు. వింటున్నంతసేపు నాలో ఏం జరిగిందో, ఏ వాక్యం దగ్గర జరిగిందో మాత్రమే ఉంది. రాసినవాడు ఎంత తెలివైనవాడైనా తనంతట తాను తెలుసుకోలేని సంగతి ఇదొక్కటే. ఎందుకంటే ఆ నలభై ఒకటో లైటు ఎవరిదో వాడికి మొదటి వాక్యం రాయకముందే తెలుసు. తన కథ తనను భయపెట్టదు. ఆ భయం పుట్టిందా లేదా అన్నది విన్న మనిషి చెప్పాలి. వేరే కథల్లో అభిప్రాయాల మీద ఎంతైనా వాదించుకోవచ్చు. వంద మాటల భయం కథలో వాదనకు తావులేదు. ఒళ్లు జలదరించిందా, ఎక్కడ జలదరించింది, ఎక్కడ ఆగిపోయింది, ఈ మూడూ నిజాయితీగా చెబితే చాలు.

అదే కథను సింగరేణిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషికి వినిపిస్తే ఏమంటాడో ఊహించండి. దయ్యం ఉందా లేదా అనడు. "బిడ్డా, బాయిల ప్రతి లైటుకూ నంబరుంటది. ఏ నంబరు ఎవలకిచ్చిన్రో రిజిస్టర్ల రాస్తరు. మరి నీ నలభై ఒకటో లైటు నంబరెంత?" అంటాడు. ఎంత గొప్ప ప్రశ్న! ఆత్మ అని, ఆర్నెల్ల కిందని, రూఫ్ కూలిందని ఆ అబ్బాయి మూడు ముక్కలుగా చెప్పిన సంగతినంతా ఒక్క అంకె మోయగలదని ఆ ప్రశ్న చూపిస్తుంది. ఆ అంకె ఏమిటో మాత్రం పెద్దమనిషి చెప్పలేదు. తనకు తెలిసిన పని గురించి తనకు తెలిసింది అడిగాడు. అందుకే ఊహాకథల మీద మాట్లాడేందుకు సాహిత్యం చదివినవాళ్లే కావాలని నేను అనుకోను. బొగ్గుబాయి కథను బాయి దిగినవాళ్లు వినాలి. తండా కథను తండావాళ్లు వినాలి. ఆసుపత్రి మార్చురీలో జరిగే కథను అక్కడ డ్యూటీ చేసే సిస్టరమ్మ వింటే, కథకుడికి పదేళ్లలో తెలియని సంగతి పది నిమిషాల్లో తెలుస్తుంది. కథ ఎంత అసంభవమైనదైతే చుట్టూ ఉన్న వివరం అంత సంభవంగా ఉండాలి.

ఈ మాట ఇంగ్లండు రచయిత హెచ్.జి. వెల్స్ చాలా స్పష్టంగా చెప్పాడు. కాలంలో ప్రయాణించే యంత్రం, కంటికి కనిపించని మనిషి, అంగారకుడి నుంచి వచ్చిన సైన్యం, ఇవన్నీ ఆయన నవలలు. 1930లలో ఆ నవలల సంపుటికి రాసిన ముందుమాటలో ఆయన వివరించిన పద్ధతి ఇది: ఒక్క అసంభవాన్ని పాఠకుడి చేత ఒప్పించు, ఆ తర్వాత మిగిలినదంతా మామూలు మనుషుల లోకంలా నడిపించు. ఏదైనా జరగవచ్చు అన్న చోట ఏది జరిగినా ఎవరికీ పట్టదని ఆయన వాదం. చిన్న కథకు ఇది మరీ అవసరం. రెండు వందల మాటల్లో దయ్యమూ, అంతరిక్ష నౌకా, కాలయంత్రమూ మూడూ వస్తే వినేవాడు దేన్నీ నమ్మడు. అందుకే అలాంటి కథ నా ముందుకు వచ్చినప్పుడు మొదట అడిగేది, ఇందులో నన్ను నమ్మమంటున్న అబద్ధాలు ఎన్ని అని.

సైన్స్ ఫిక్షన్‌లో పిల్లలకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. దానికీ ఒక ఊహాకథ చెబుతాను. మానుకోట మిర్చి మార్కెట్. జెండా పాట అయిపోయింది. అడ్తి ముందు బస్తాలు విప్పారు. ఖరీదుదారు కొత్త మిషన్ తెచ్చాడు. బస్తాలో గుచ్చితే తేమ ఎంతో చెబుతుంది. అది పొరపాటున రైతు మణికట్టుకు తగిలింది. తెర మీద ఒక అంకె పడింది. ఖరీదుదారు ఆ అంకె చూసి, రైతు ముఖం చూసి, ఏమీ అనకుండా ధర సగానికి తగ్గించాడు. "తాలు లేదు గద సేటూ, తేజ రకం, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు" అన్నాడు రైతు. "మిర్చి మంచిదే. వచ్చే నెల అడగటానికి నువ్వు రావు గద" అన్నాడు ఖరీదుదారు.

ఈ కథ ఇంతే ఉంటే ఒక దెబ్బ తగులుతుంది. కానీ రాసినవాళ్లు చాలాసార్లు మధ్యలో ఆగి, ఆ మిషన్‌లో క్వాంటం సెన్సర్ ఉందని, 2090లో ఫలానా శాస్త్రవేత్త కనిపెట్టాడని, కణాల్లోని ఆయుర్దాయాన్ని అది లెక్కగడుతుందని ఓ పేరా రాస్తారు. శ్రమపడి ఆలోచించిన సంగతి కదా, వదలబుద్ధి కాదు. అప్పుడు మనం "వివరణ ఎక్కువైంది" అని ఊరుకుంటే వాళ్లకు బోధపడదు. "తెర మీద అంకె పడ్డది, ఆయన ముఖం చూసిండు అన్నప్పుడే నాకు అర్థమైంది. తర్వాతి ఐదు వాక్యాలు నాకు తెలిసిన సంగతే చెప్పినయి" అనాలి. ఎక్కడ అర్థమైందో చెబితే ఎక్కడ కొట్టేయాలో వాళ్లకే తెలుస్తుంది. మరొక మనిషికి ఆ వాక్యం దగ్గర అర్థం కాకపోవచ్చు. అప్పుడు ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టుకుని ఆ పిల్లవాడే తేల్చుకుంటాడు.

చిన్న కథంతా ఒకే ఊపులో చదివించి, ఒకే అనుభూతి మిగల్చాలని అమెరికాలో ఎడ్గార్ ఎలన్ పో చెప్పింది 1842లో. చీకటి కథలకు పెద్ద పేరు ఆయనది. అప్పుడు ఆయన ఆ మాట చెప్పింది సిద్ధాంత గ్రంథంలో కాదు. తోటి రచయిత నథానియల్ హాథోర్న్ కథల మీద ఒక పత్రికకు రాసిన సమీక్షలో చెప్పాడు. ఒకరి కథలు శ్రద్ధగా చదివి, అవి తన మీద ఎలా పనిచేశాయో ఆలోచించినందుకే ఆ సూత్రం పుట్టింది. కథల మీద మంచి మాట చెప్పడం ఎంత సృజనాత్మకమైన పనో దీన్ని బట్టి తెలుస్తుంది.

మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. 1947 జూలైలో మొదలైన చందమామ దశాబ్దాల పాటు నెలనెలా బేతాళ కథలు వేసింది. శ్మశానం, చెట్టు మీద శవం, శవంలో బేతాళుడు, భుజాన మోసుకుపోయే రాజు. ఇంతకంటే చీకటి కథ ఏముంది? మన తెలుగిళ్లలో దాన్ని పసిపిల్లలకు చదివి వినిపించారు. ఆ కథల నిర్మాణం చూడండి. కథ పూర్తి కాగానే బేతాళుడు ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. రాజు చెప్పే జవాబు "ఫలానావాడే గొప్ప" అన్న ఒక్క ముక్కతో ఆగదు. ఎందుకు గొప్పో కారణం చెబుతాడు, కథలో జరిగిన సంఘటననే ఆధారంగా చూపిస్తాడు. కారణం లేని తీర్పును బేతాళుడు కూడా ఒప్పుకోడు. జవాబు వినగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. మనం చెప్పిన మాట తర్వాత కథ మళ్లీ మొదటికి వెళ్లడం కూడా అంతే సహజం. అయితే ఈసారి చెట్టెక్కి దాన్ని దించుకోవలసింది రాసినవాడు. మనం ఎక్కకూడదు.

ఇది చాలామంది పెద్దలు పాటించని నియమం. ప్రేమతోనే కలం అందుకుంటారు. "ఇట్లా ముగించు" అని చివరి వాక్యం తామే రాసిస్తారు. దీనికి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ చరిత్రలో ఒకే సంపాదకుడి దగ్గర రెండు ఉదాహరణలు దొరుకుతాయి. ఆయన జాన్ క్యాంప్‌బెల్, అస్టౌండింగ్ పత్రిక సంపాదకుడు. నక్షత్రాలు వెయ్యేళ్లకోసారి మాత్రమే కనబడే లోకంలో మనుషులు ఏమవుతారన్న ఊహను ఐజాక్ అసిమోవ్ అనే కుర్రవాడికి ఇచ్చి రాయమన్నాడు. అసిమోవ్ 'నైట్‌ఫాల్' రాశాడు. 1941లో అచ్చయింది. ఆరు సూర్యుల వెలుగులో బతికే గ్రహం అది, అక్కడివాళ్లకు భూమి అన్న సంగతే తెలియదు. కానీ క్యాంప్‌బెల్ చివర్లో తన సొంత పేరా ఒకటి చేర్చాడు, అందులో భూమి ప్రస్తావన తెచ్చాడు. అందంగానే ఉంటుంది ఆ పేరా. అది తన మాట కాదని, తన కథలో ఇమడదని అసిమోవ్ తర్వాత చెప్పుకున్నాడు.

రెండోది టామ్ గాడ్విన్ కథ 'ది కోల్డ్ ఈక్వేషన్స్', 1954 నాటిది. లెక్కగట్టి ఇంధనం పోసిన చిన్న నౌకలో ఒక అమ్మాయి తెలియక ఎక్కి దాక్కుంటుంది. ఆమె బరువుతో నౌక గమ్యం చేరదు. అక్కడ మందు కోసం ఎదురుచూస్తున్న రోగులున్నారు. గాడ్విన్ ప్రతిసారీ ఏదో ఉపాయంతో ఆ అమ్మాయిని బతికించాడు. క్యాంప్‌బెల్ ప్రతిసారీ తిప్పి పంపాడు. ఉపాయం కథను అబద్ధం చేస్తోందన్నది ఆయన అభ్యంతరం. ఆఖరికి గాడ్విన్ తనే ఆ అమ్మాయి బతకని ముగింపుకు వచ్చాడు. ఆ కథ మీద ఈనాటికీ వాదాలు ఆగలేదు. ఆ అమ్మాయిని అలా వదిలేయడం న్యాయమా, నౌకను అంత ఇరుకుగా కట్టినవాళ్లది కదా తప్పు అని అడిగేవాళ్లున్నారు. నాకూ ఆ ప్రశ్న బలమైనదనే అనిపిస్తుంది. కానీ కథ గాడ్విన్‌ది. మొదటి ఉదాహరణలో సంపాదకుడు రాశాడు, రెండోదాంట్లో రాయించాడు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఏ ఊళ్లో ఏ కుర్రవాడి కథ మీదైనా మాట్లాడవచ్చు.

ఇక భాష సంగతి. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

శాతవాహనుల కాలం నాటి గుణాఢ్యుడి కథ మీలో చాలామంది వినే ఉంటారు. కథాసరిత్సాగరంలో ఉంది. గుణాఢ్యుడు పైశాచీ భాషలో, అడవిలో సిరా దొరక్క తన నెత్తురుతో, ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. శిష్యుల చేత శాతవాహన రాజుకు పంపాడు. రాజు చదవలేదు. భాష పైశాచి, అక్షరాలు నెత్తురు, అవతలికి తీసుకుపొమ్మన్నాడు. గుణాఢ్యుడు గుట్ట మీద నిప్పు రాజేసి, ఒక్కో ఆకూ జంతువులకు, పక్షులకు చదివి వినిపిస్తూ మంటల్లో వేశాడు. అడవి జంతువులు మేత మానేసి చుట్టూ చేరి కన్నీళ్లతో విన్నాయి. అవి చిక్కిపోయాయి. రాజు కంచంలో మాంసం ఎండిపోయింది, రాజుకు జబ్బు చేసింది. కారణం తెలిసి పరుగెత్తుకొచ్చేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిద. మిగిలింది లక్ష.

ఇది పురాగాథే. కానీ కథ విని జవాబు చెప్పడం గురించి ఇంతకు మించిన కథ నాకు తెలియదు. రాజు చూసింది భాషను, సిరా రంగును. కథ వినలేదు. జంతువులకు వ్యాకరణం తెలియదు. అవి విన్నాయి, మేత మరిచాయి. మన దగ్గర ఇప్పటికీ ఈ రాజు తీర్పు వినిపిస్తూనే ఉంది. ఒక అమ్మాయి "గా చింతచెట్టు కింద ఎవ్వలో కూసున్నరు" అని కథ మొదలుపెడితే, "ముందు మంచి తెలుగు నేర్చుకో" అంటారు. ఆ ఒక్క వాక్యంలో చింతచెట్టు ఉంది, చీకటి ఉంది, ఎవరో తెలియని మనిషి ఉన్నాడు, పైగా అది నిజంగా భయపడ్డ మనిషి గొంతులా ఉంది. దాన్ని "ఆ చింతవృక్షం క్రింద ఎవరో కూర్చుని ఉన్నారు" అని దిద్దితే భయం అక్కడే చచ్చిపోతుంది. తండాలో పుట్టి, ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకున్న పిల్లలు మానుకోట జిల్లాలో ఎందరో ఉన్నారు. వాళ్ల తెలుగు వాక్యం కాస్త వేరుగా నడిస్తే, ఆ నడకలోనే కొత్త భయం, కొత్త వింత ఉండవచ్చు. అచ్చుతప్పులు చివర దిద్దుకోవచ్చు. ముందు కథ వినాలి. మానుకోట దగ్గరి చిన్నగూడూరులోనే దాశరథి కృష్ణమాచార్య, రంగాచార్య సోదరులు పుట్టారు. 'చిల్లర దేవుళ్లు' నవలలో రంగాచార్యులవారు తెలంగాణ మనుషుల నోటి మాటను ఎంత గౌరవంతో నిలబెట్టారో మనకు తెలుసు. అది వాస్తవ జీవితం రాసిన నవల. దయ్యాల కథకైనా, వందేళ్ల తర్వాతి కథకైనా అదే గౌరవం దక్కాలి.

భాషతో పాటు చోటు కూడా ముఖ్యమే. గ్వాటెమాలా రచయిత అగుస్తో మొంతెరోసో 1959లో అచ్చయిన తన పుస్తకంలో ఒక కథ రాశాడు. స్పానిష్‌లో ఏడు మాటలు, ఒక్కటే వాక్యం. అందులో నిద్ర లేవడం ఉంది, ఒక డైనోసార్ ఉంది. లేచింది ఎవరో కూడా చెప్పడు. అరవై ఏళ్లు దాటినా ప్రపంచం ఆ వాక్యాన్ని మర్చిపోలేదు. మన పిల్లలు అలాంటివి చదివి డైనోసార్ కథలు రాస్తారు, మంచిదే. కానీ వాళ్ల డైనోసార్ అమెరికా ఎడారిలో తిరుగుతూ ఉంటుంది, తరిమేవాడి పేరు జాన్ అని ఉంటుంది. అప్పుడు నేను వాళ్లకు ఒక సంగతి మాత్రం చెబుతాను. మన ప్రాణహిత–గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు భూగర్భ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది, పోయి చూడవచ్చు. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో ఆదిమ మానవుడు వేసిన బొమ్మలు రాతి మీద ఇంకా ఉన్నాయి. భూపాలపల్లి బాయిల్లో తవ్వే బొగ్గు డైనోసార్ల కంటే ముందు బతికిన అడవులది. ఈ సంగతులు చెప్పి ఊరుకుంటాను. కథ ఇక్కడే జరగాలని పట్టుబట్టను. ఒక పిల్లవాడికి నిజంగా అంగారకుడి మీదే కథ ఉంటే ఉండనివ్వండి. కానీ ఇక్కడ చీకటి లేదనుకుని అక్కడికి పోతున్నాడేమో అడిగి చూడాలి.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. చేతబడి, బాణామతి. యండమూరి వీరేంద్రనాథ్ క్షుద్రవిద్యల నవలలు వచ్చాక కాష్మోరా అన్న మాట తెలుగు ఇళ్లలో మామూలు మాటైపోయింది. క్షుద్రవిద్యల కథకు పాఠకులు ఎప్పుడూ ఉంటారు, ఆ కథ రాయొద్దని నేను అనను. అయితే మన ఊళ్లలో బాణామతి కథల్లో మాత్రమే లేదు. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషులను చెట్లకు కట్టి కొట్టారు, చంపారు. బలైనవాళ్లలో ఒంటరి ఆడవాళ్లున్నారు, ముసలివాళ్లున్నారు, పేదవాళ్లున్నారు. ప్రాణహిత అవతల మహారాష్ట్రలో 2013లో దీని మీద ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది.

అందుకని, ఊరి చివర గుడిసెలో ఒంటరి ముసలమ్మ, ఆమె చూపు తగిలితే పిల్లలు చచ్చిపోతారు, చివరికి ఊరంతా కలిసి ఆమెను తగలబెడితే శాపం విరిగింది అన్న కథ నా చేతికి వస్తే, అది ఎంత పదునుగా రాసినా నేను మెచ్చుకుని పంపలేను. రాసిన పిల్లవాడు దుర్మార్గుడు కాడు. సినిమాల్లో, సీరియళ్లలో చూసిందే రాశాడు. నేను అడిగేది ఇది: "ఈ కథ విన్నాక మీ ఊళ్లో ఎవరి ఇంటి వైపు చూస్తరు?" ఈ ప్రశ్న వేసి నిశ్శబ్దంగా ఉండాలి. చాలామంది పిల్లలకు ఒక ముఖం గుర్తుకొస్తుంది. ఆ ముఖం గుర్తొచ్చాక కథ ఎటు తిరగాలో వాళ్లే ఆలోచిస్తారు. గుడిసె బయటి గుంపు కంటే గుడిసె లోపల వింటున్న మనిషికే ఎక్కువ భయం ఉంటుందని తోచవచ్చు. తోచకపోవచ్చు కూడా. ఏమైనా ఈ ఒక్క విషయంలో నేను వాక్యాల లెక్క చూసుకుంటూ కూర్చోను. ఒక కథ బతికున్న మనిషి మీదికి అనుమానాన్ని తోసేలా ఉంటే, ఆ మాట ముందు చెప్పి, మిగతావి తర్వాత చెబుతాను.

కథ విని జవాబు చెప్పే ఈ పనిని ఒక పద్ధతిగా చేసినవాళ్లున్నారు. అమెరికాలోని మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో 1956లో డేమన్ నైట్, జేమ్స్ బ్లిష్, జుడిత్ మెరిల్ అనే ముగ్గురు సైన్స్ ఫిక్షన్ రచయితలు తోటివాళ్లను కూడగట్టారు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. కథ అందరూ ముందే చదివి ఉంటారు. ఒకరి తర్వాత ఒకరు తమ మాట చెబుతారు. అందరూ చెప్పేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. 1968లో రాబిన్ విల్సన్ ఇదే పద్ధతితో కొత్తవాళ్లకు క్లారియన్ శిక్షణ మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ఎందరో పేరున్న రచయితలు వచ్చారు. రాసినవాళ్లు మౌనంగా ఉండాలన్న నియమం మొదట కఠినంగా అనిపిస్తుంది. మన దగ్గరైతే మొదటి మాటకే "అట్ల కాదన్నా, నా ఉద్దేశం ఏందంటే" అని మొదలవుతుంది. అచ్చయిన కథ పక్కన రచయిత నిలబడి ఉద్దేశం చెప్పలేడు. రేడియోలో అయితే విన్నవాళ్లు వెనక్కి తిప్పి కూడా వినలేరు. కాబట్టి ఆ కాసేపు ఓర్చుకోవడం మంచిదే.

ఈ పద్ధతికి నేను మన దగ్గరిది ఒకటి కలుపుతాను. జనగామ జిల్లా మాణిక్యాపురం నుంచి వచ్చి ఒగ్గుకథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్యగారు 2017లో కన్నుమూశారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడి పక్కన వంతలుంటారు. వాళ్లు ఊ కొడతారు, మధ్యలో "అయితే ఏమాయె?" అంటారు, ఆశ్చర్యపోతారు. తల్లి తల నరికే పరశురాముడి ఘట్టం వచ్చినప్పుడు వాళ్ల ఊ ఆగిపోవడం కూడా కథలో భాగమే. చిన్న కథ మీద మాట్లాడుకునే చోట నేను మొదట చేయించేది గట్టిగా చదివించడం. రాసినవాళ్లు చదవకూడదు. వేరొకరు చదవాలి. చదివే మనిషి నాలుక ఎక్కడ తడబడింది, వినేవాళ్ల ఊ ఎక్కడ ఆగింది, ఎక్కడ ఎవరో కిటికీలోంచి బయటికి చూశారు, ఇవన్నీ రాసినవాళ్లు నోట్ చేసుకోవాలి. ఒక్కరు కూడా నోరు తెరవకముందే సగం జవాబు దొరికిపోతుంది. దీనికి ఖర్చు లేదు. నలుగురు మనుషులు, గ్రంథాలయంలో ఒక మూల చాలు. మానుకోట నుంచి డోర్నకల్ పోయే రైల్లో కూడా చేయవచ్చు.

చివరిగా ఒక కష్టమైన సందర్భం. కథ విన్నారు. భయం వేయలేదు, ఆశ్చర్యం కలగలేదు, ఏమీ జరగలేదు. అప్పుడేం చెప్పాలి? అబద్ధం చెప్పకండి. పిల్లలు పట్టేస్తారు. "ఈ కథ నాకు తగల్లేదు బిడ్డా. కానీ ఇందులో బస్టాండు చివరి బెంచీ గురించి రాసిన వాక్యం నాకు కళ్లకు కట్టింది. అది నువ్వు చూసిందేనా?" అని అడగండి. ప్రతి కథలోనూ అలాంటి వాక్యం ఒకటైనా ఉంటుంది, వెతకాలి. ఆ బెంచీ గురించి వాడు మాట్లాడటం మొదలుపెడతాడు. రాత్రి పదకొండింటికి అక్కడ ఎవరు పడుకుంటారో, ఒకనాడు ఎవరు లేవలేదో చెబుతాడు. రాసిన కథలో లేని కథ అది. అప్పుడు వాడి నోట్‌బుక్ వాడికి తిరిగి ఇచ్చి, "ఇది రాసినంక ముందు నాకు చదివి వినిపించు" అనండి. వచ్చే వారం వాడు వస్తే, మీరు ఇంట్లో ఉండండి.